ఖమ్‌ఫాన్ పెద్దమ్మ ఎండ మొక్కలు

"వాన పడితే? బూజు పడితే? పరీక్షలో తప్పితే నీ పేరు కొట్టేస్తారు పెద్దమ్మా."

నేనీ మాట అన్నప్పుడు ఖమ్‌ఫాన్ పెద్దమ్మ కుండీలో వేలు గుచ్చి తడి చూస్తోంది. అరవై మూడేళ్ళ వరి రైతు. సకోన్ నఖోన్ పట్నం పక్కన మా ఊళ్ళో మందుల కోసం గంజాయి పండించే సంఘంలో ఆమె ఒకరు. ఆ సంఘం పూలు పరీక్ష చేసే ఉద్యోగం నాది.

"కొట్టేస్తే కొట్టేయనీ. నువ్వు మీ చిన్నపిల్ల ఫాయ్‌కి అప్పుడే మూడో బడి వెతుకుతున్నావటగా. ఆ భయం చాలలేదా, నా భయం కూడా నువ్వే పడుతున్నావు?" అంది. "ఒకప్పుడు కోడిపులుసులో రెండు గంజాయి ఆకులు వేసుకున్నందుకు మా మామని స్టేషన్లో కూర్చోబెట్టారు, మొక్కలు పీకేశారు. ఇప్పుడు కాగితమిచ్చి మరీ పెంచమంటున్నారు. పెంచుతాను. ఎండలోనే పెంచుతాను."

సంఘం పెద్ద విరోజ్‌కి అదే మింగుడు పడలేదు. పూలు కొనే వైద్యశాల బూజు లేని సరుకే కావాలంది కాబట్టి అందరూ లైట్లు, ఏసీ ఉన్న షెడ్డులోనే పెంచాలన్నాడు. చివరికి సభ్యులందరి ముందూ పందెంలాంటి ఒప్పందం కుదిరింది. ఒకే సంచిలోని విత్తనాలు సగం షెడ్డుకి, సగం ఆమె పెరటికి. పరీక్షలో ఆమె పూలకి బూజు తేలితే సంఘం జాబితాలో ఆమె పేరుండదు.

ఈ రకం పగలెంత, రాత్రెంత అని చూడదు. మొలిచిన నాలుగైదు వారాలకి దానంతటదే పూతకొస్తుంది, పదకొండో వారానికి కోతకొస్తుంది. అందుకే పెద్దమ్మ భిక్షువుల వానాకాలపు వ్రతం ముగిసే అక్టోబరు పౌర్ణమికి విత్తింది. పూత వేళకి చలిగాలి వస్తుందని ఆమె లెక్క.

షెడ్డులో విరోజ్ మనుషులు ఒకచోట నారు పోసి, మూడు వారాలకి పీకి వేరే కుండీల్లో నాటారు. వరితో బతికిన చేతులకి అదే అలవాటు. మొదటి ఏడు పెద్దమ్మ కూడా అలాగే చేసి పంట పోగొట్టుకుంది. వరి నారు నాటాక పది రోజుల్లో వేరు పట్టి మూన తిరుగుతుంది, ఆపైన ఎదగడానికి దానికి నెలలున్నాయి. ఈ మొక్కకి అంత గడువు లేదు. వేరు కుదురుకునేలోగా పూత వేళ వచ్చేస్తుంది, జానెడెత్తులోనే పూసేస్తుంది. ఈసారి ఆమె చివరిదాకా ఉండే పెద్ద కుండీల్లోనే విత్తనం వేసింది.

"వాళ్ళకి చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెప్పాను. 'ఏసీ ఉందిగా పెద్దమ్మా, తేరుకుంటాయి' అన్నాడు విరోజ్. ఆ ఏసీ మొక్కలకో, వాడి చెమటకో."

పూత మధ్యలో, కాలం కాని కాలంలో, రెండు రోజులు వాన పట్టింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఆమె వెదురు గుంజల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, ఒక్కో కొమ్మా మెల్లగా దులుపుతోంది. వారం తర్వాత రెండు మొక్కల్లో పూగుత్తి లోపల గోధుమరంగు బూజు కనబడింది. నేను చెప్పకముందే రెండూ కోసి తగలబెట్టింది.

"ఈ పెరట్లో పోలీసుని కూడా నేనే," అంది.

మిగిలిన పది మొక్కల పూలూ పరీక్షలో నెగ్గాయి. షెడ్డు పూలు కూడా శుభ్రంగానే ఉన్నాయి, కానీ జానెడు మొక్కలవి మొత్తం కలిపితే జిగురన్నం పెట్టుకునే చిన్న బుట్ట కూడా నిండలేదు. విరోజ్ ఆ బుట్టని పెద్దమ్మ ముందు పెట్టాడు.

"వచ్చే ఏడు షెడ్డులో విత్తనం నువ్వే వెయ్యి పెద్దమ్మా."

"వేస్తాను. ముందు జాబితాలో నా పేరు పక్కన 'ఎండలో' అని రాయి."

రాశాడు. ఆ కాగితం నేనే చూశాను.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఫాయ్ సంగతి అడిగింది. ఇప్పటికే ఒక బడి మార్చానని, రెండోదాన్లోనూ గేటు దగ్గర ఏడుస్తోందని చెప్పాను.

"పెట్టేముందు ఎంతైనా చూసుకో. పెట్టాక పీకకు. వానొస్తే పట్టా కప్పు, అంతే."

ఫాయ్ ఆ రెండో బడిలోనే ఉంది. మబ్బు పడితే గొడుగు పట్టుకుని వెళ్తున్నాను. పీకి తెచ్చుకోవడం లేదు.