నాలుగు ఇంటూలు, ఒక రైటు

ఆ వీధుల్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పానా మేస్త్రి అంటే చాలు. చొక్కా జేబులో సుద్దముక్క, భుజాన పానాల సంచి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక హాస్యం. ఎవరింట్లో పైపు పగిలి పిలిచినా గడపలో నిలబడి ముందు అడిగేది ఒక్కటే: "మెయిన్ వాల్వు ఎక్కడుందమ్మా?" తెలీదంటే విసుక్కునేవాడు. "ఇల్లు మునిగాక వెతుక్కుంటారా? అది ముందు తెలుసుకోవాలి తల్లీ, ముందు!" చేతులు కాలాక ఆకులు పట్టుకునే జనమంటే ఆయనకి ఒళ్ళు మంట.

గోడ కొట్టేముందు సుద్దతో గుర్తులు పెట్టుకునేవాడు. రైటు పెడితే అక్కడ కొట్టాలి. ఇంటూ పెడితే లోపల కరెంటు తీగో పాత పైపో ఉంది, చెయ్యి పెట్టకూడదు. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి, ఇంట్లో కూడా. మందు సీసా మీద ఇంటూ ఉంటే అది తాగకూడదు. క్యాలెండర్లో ఇంటూ ఉన్న రోజు పనికి పిలవకూడదు. ఎవరింట్లో ఏం కారుతోందో ఫోన్లో విని నోటుబుక్కులో రాసిపెట్టేది ఆయన భార్యే. ఆయన అక్షరాలు కోడి కెలికినట్టుండేవి గానీ గుర్తులు మాత్రం ఆవిడకి కంఠతా వచ్చు.

రెండేళ్ళ కిందట ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పిల్లికూతలు. ఆస్పత్రిలో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "ఇది తగ్గేది కాదండీ, ముదిరేదే. ఏదో ఒక రోజు మీరు మాట్లాడలేకపోవచ్చు. అప్పుడు ఏం చెయ్యాలో, ఏం వద్దో ఇప్పుడే రాసివ్వండి," అని ఫారం ఒకటి చేతిలో పెట్టింది.

మేస్త్రి వెలిగిపోతున్న ముఖంతో భార్య వైపు తిరిగాడు. "చూశావుటే, ఈవిడ మన జాతే. మెయిన్ వాల్వు ఎక్కడుందని ముందే అడుగుతోంది!"

ఏం కావాలో ఆయనకి ఎప్పుడో తెలుసు. సొంత అన్నయ్య గొంతులో గొట్టంతో నలభై రోజులు పడుండి పోయాడు. పక్కన కూర్చుని చూసినవాడు ఈయనే. "బతుకంతా గోడలకి పైపులేశాను. గోడలు గనక ఊరుకున్నాయి. నాకు మాత్రం వెయ్యనివ్వకే," అన్నాడు భార్యతో. నవ్వుతూనే అన్నాడు, కానీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు. ఫారం ఇంకొకరి చేతికిస్తాడా? ఇవ్వడు. కౌంటరు గుమాస్తా ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే తనే బల్ల మీదికి వంగి గుర్తులు పెట్టాడు. గొంతులో గొట్టం, శ్వాస మిషను? ఇంటూ. ఆగిన గుండెని నొక్కి నడిపించడం? ఇంటూ. డయాలసిస్? ఇంటూ. ముక్కులోంచి ఆహారం? ఇంటూ. నొప్పీ ఆయాసమూ తెలియకుండా మందులు మాత్రమే? దానికి బారెడు రైటు, కింద సంతకం. వెనక క్యూ పెరుగుతోంది. గుమాస్తా తలెత్తకుండా స్టాంపు గుద్దేశాడు. భార్య చూసుకుంది: నాలుగు ఇంటూలు, ఒక రైటు. అంతా ఆయన అనుకున్నట్టే ఉందని గుండెల మీద బరువు దింపుకుని, కాగితం బీరువాలో చీరల కింద దాచింది. ఫారం తలమీద సన్నటి అక్షరాల్లో ఒక లైనుంది. దాన్ని ముగ్గురిలో ఒక్కరూ చదవలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇలాగే పడుతుంది.

మొన్న బుధవారం పొద్దున పళ్ళు తోముకుంటూనే మేస్త్రి కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేసరికి స్పృహ లేదు. బస్టాండు టికెట్ల కౌంటర్లో పనిచేసే కూతురు మెళ్ళో ఐడీ కార్డు తీయకుండానే పరిగెత్తుకొచ్చింది. ఆ కంగారులోనూ భార్య మర్చిపోకుండా ఆ కాగితం తెచ్చి డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టింది. ఆయనకి తాను చెయ్యగలిగింది అదొక్కటే, అది చేశాననుకుంది.

డాక్టరు చూసి తలూపాడు. "మంచిదమ్మా, అన్నిటికీ ఒప్పుకున్నారు. గొట్టం వేసేస్తాం."

"ఒప్పుకోవడమేంటి బాబూ? ఇంటూలు పెట్టారుగా!"

"అవునమ్మా, ఇంటూలు పెట్టారు. అందుకేగా వేస్తున్నాం."

ఆవిడకి అర్థం కాలేదు. డాక్టరు పై లైను మీద వేలు పెట్టి చదివాడు. 'మీకు కావలసిన చికిత్సల ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టండి.'

ఆవిడ కాగితం మీదికి వంగింది. "కాదు బాబూ, ఆయన లెక్కలో ఇంటూ అంటే ముట్టుకోవద్దని! కావాలంటే రైటు పెడతారు, అదిగో కింద పెట్టారు చూడండి!"

"ఆ గుర్తు ఇక్కడ చెల్లదమ్మా. సంతకమున్న కాగితాన్ని నేను తిరగేసి చదవలేను." పాపం అతనిదీ తప్పు కాదు. కూతురి వైపు తిరిగాడు. "నాన్నగారు మీతో ఏమైనా అన్నారా? మీరిద్దరూ ఒకే మాట చెప్తే పైవాళ్ళతో మాట్లాడతాను. టైము లేదు."

కూతురు కాగితాన్నే చూస్తూ నిలబడింది. "అందులో ఉన్నట్టే చెయ్యండి," అంది.

చేశారు. తలుపు మూసుకుంది. ఆ లైను తనైనా చదివుంటే అని ఆవిడ తలబాదుకుంది. చదువు రానిది కాదు, రెండేళ్ళు చీరల కింద ఉంచుకుంది.

శుక్రవారం కూతుర్ని రెక్క పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. వాష్‌బేసిన్ కింద గోడ మీద మేస్త్రి పెట్టిన సుద్ద ఇంటూ ఇంకా ఉంది. "చూడు! దీని వెనక తీగుంది. అందుకే పెట్టారు. ఇప్పుడైనా నమ్ముతావా?"

కూతురు అక్కడే తడి నేల మీద చతికిలబడింది. "చూపించక్కర్లేదమ్మా. నాకు తెలుసు. నా లెక్కల పుస్తకం మీద కూడా ఇంటూలు పెట్టేవాడుగా, ఇది ముట్టుకోకండి, పిల్లది చదువుకోవాలి అని." ఎక్కిళ్ళు పెడుతూ అంది. "ఆ రోజే తెలుసు. కానీ నాన్నని వదిలెయ్యండి అని నా నోటితో ఎలా అననే?"

ఆవిడ తిట్టాలనుకుంది. కానీ పక్కనే కూర్చుని కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది.

ఇద్దరూ ఒకే మాటగా వెళ్ళి చెప్పారు. డాక్టరమ్మ విని నొచ్చుకుంది. "వెయ్యకముందైతే మాట సరిపోయేదండీ. వేశాక తియ్యాలంటే కమిటీ కూర్చోవాలి. సోమవారం కూర్చుంటుంది. అది కూడా ఈ కాగితం చూసే నిర్ణయిస్తుంది. నేను చెప్పి చూస్తాను."

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆవిడని ఒక్కదాన్నే లోపలికి పంపారు. గొట్టం కదలకుండా చెంప మీద తెల్ల ప్లాస్టరు అంటించారు. చేతులు మంచానికి కట్టారు, మత్తులోనూ గొట్టం పీక్కుంటున్నాడట. కంటి కొస నుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. ఆవిడ కొంగుతో తుడిచింది. మళ్ళీ కారాయి. నలభై ఏళ్ళు ఊరందరి ఇళ్ళలో కారే నీళ్ళు ఆపిన మనిషి.

ఆవిడకి ఇక పట్టలేదు. రిజిస్టరు మీదున్న పెన్ను తీసుకుని ఆ ప్లాస్టరు మీద ఇంటూ పెట్టింది. ఆయన పెట్టినట్టే, రెండు గీతలూ బలంగా.

డ్యూటీ మారి కొత్త నర్సు వచ్చింది. పైపులన్నీ చూసుకుంటూ ప్లాస్టరు దగ్గర ఆగింది.

"ఓ, ఇంటూ పెట్టేశారా? అయితే పొద్దుటివాళ్ళు ఈ ప్లాస్టరు మార్చేసి గుర్తు పెట్టినట్టే," అని రిజిస్టరు తెరిచి, "అమ్మా, ఆ పెన్ను ఒకసారి ఇస్తారా?" అంది.

ఆవిడ పెన్ను ఇచ్చేసింది.