అండీ తెచ్చిన ఆంధీ

ఆ రోజుల్లో సైన్యమంటే నాకు తెలిసిందల్లా తుపాకీ, బూట్లు, సెలవుల్లో ఇంటికి మోసుకొచ్చే నల్ల ట్రంకుపెట్టె. మర్యాద కూడా మనిషి కొంప ముంచుతుందని ఎవరూ చెప్పలేదు. కొల్లేరులో సర్కారువారు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది మా చెరువూ పోయింది. నాన్నగారు పరాయివాళ్ల పడవల మీద కూలికి వెళ్తుంటే, నేను ఏలూరు గ్రౌండులో పరుగు నెగ్గి సిపాయినయ్యాను (దేశభక్తి తర్వాత వచ్చింది, దాచడమెందుకు). బయల్దేరే ముందు చర్చిలో నాన్నగారు "మావాడు సోల్జరండీ" అని కనిపించిన ప్రతివారికీ చెప్పారు. ఇక వెనక్కి వచ్చే దారి లేదు.

ట్రైనింగు సెంటర్లో శిక్షకుణ్ణి ఉస్తాద్ అనాలి. మొదటి రోజే ఆయన అర్థమైందా అన్నట్టు "సమ్‌ఝా?" అని అరిస్తే, వినయంగా "యస్ సార్ అండీ" అన్నాను. ఆయన ఆకాశం కేసి చూసి, "ఆంధీ? కహా హై ఆంధీ?" అన్నాడు. హిందీలో ఆంధీ అంటే గాలిదుమారమట, అదెక్కడుందని అడుగుతున్నాడు. ఆకు కూడా కదలని ఎండలో దుమారం వచ్చిందన్నందుకు గ్రౌండు చుట్టూ పది చుట్లు. తిరిగొచ్చాక, ఆంధీ పోయిందా అన్నాడు. "పోయిందండీ" అన్నాను. ఈసారి నాతోపాటు జట్టంతా పరుగెత్తింది. పక్కమంచం తాడేపల్లిగూడెం కుర్రాడు ఆయాసపడుతూ, "మీకు దణ్ణం పెడతానండీ బాబూ, ఆ అండీ మానేయండి" అన్నాడు. "మీరూ అన్నారు కదండీ" అంటే, "నేను ఉస్తాద్ దగ్గర అనట్లేదు కదండీ" అని ఏడుపు మొహం పెట్టాడు.

నెల గడిచినా నా నాలుక మారలేదు. నా పేరే ఆంధీ అయిపోయింది. శనివారం పరీక్షలో ఆ మాట వస్తే ఇంటికి పంపేస్తానన్నాడు ఉస్తాద్. ఆ వారమంతా ఎవరికీ వినబడకుండా కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇంటికి వెళ్లాలని ప్రాణం కొట్టుకునేది. ఇంటికి పంపేస్తారేమోనని గుండె జారిపోయేది. ఏ దిగులుకి ఏడుస్తున్నానో నాకే తెలిసేది కాదు. మాట అవ్వగానే టక్కున నోరు మూసేయడం సాధన చేశాను. శనివారం ఉస్తాద్ ముక్కుకి ముక్కు ఆనించి ఎన్ని ప్రశ్నలేసినా "యస్ సర్", "నో సర్" తప్ప ఒక్క అండీ రాలేదు. గట్టెక్కాను.

ఆదివారం ఎస్టీడీ బూతు నుంచి మా ఊరి శెట్టిగారి కొట్టుకి ఫోన్ చేసి నాన్నగారిని పిలిపించాను. ఆయన గొంతు వినగానే బిగుసుకుపోయి, "యస్ సర్! పరీక్ష పాస్ సర్!" అని అరిచాను.

అవతల నాన్నగారు భయంభయంగా, "అయ్యా, ఆఫీసరుగారాండీ? మావాడేవన్నా తప్పు చేశాడాండీ? చిన్నవాడండీ, మీరే కాయాలి. ఒక్కసారి వాడికి ఫోనిస్తారాండీ?" అన్నారు.

వారం రోజులు బిగబట్టిందంతా ఒక్కసారే తెగింది. "నేనేనండీ నాన్నగారూ, నేనేనండీ" అంటూ అందరి ముందూ భోరుమన్నాను. నా వెనక, ఫోను కోసం వరసలో ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. ఆయన ఆకాశం కేసి చూశాడు గానీ ఆంధీ ఎక్కడని అడగలేదు.

ఇప్పుడు రిటైరై ఏలూరులోనే ఉంటున్నాను. కూరల కొట్లో అలవాటుకొద్దీ "యస్ సర్" అనేస్తే, కొట్టావిడ "మీది ఈ వైపు కాదాండీ?" అంటుంది. "ఇక్కడేనండీ, కొల్లేరేనండీ" అంటాను, అవసరం కంటే ఒక అండీ ఎక్కువే వేసి.