నా ఫిల్ము, స్వామి జుట్టు

ఎనభైల మొదట్లో చిత్తూరులో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లి ఫొటోలు, పాస్‌పోర్టు ఫొటోలు తప్ప మరో బేరం ఎరుగను. అలాంటిది, నేను తీసిన ఒక రంగుల ఫొటో మద్రాసులోని తలనూనె కంపెనీ వాళ్లకు నచ్చింది. క్యాలెండరు మీద వేస్తాం, కొంటాం అన్నారు. నా కాళ్లు నేలమీద నిలిస్తే ఒట్టు.

ఫొటోలో ఉన్నది కాణిపాకం గుడి దగ్గర టెంకాయలు అమ్మే ఆమె. తలంటు పోసుకుని, అంగడి వెనక ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటుంటే అడిగే తీశాను. మోకాళ్లు దాటిన జుట్టు. ఆ బొమ్మ అమ్మడానికి ఆమె ఒప్పుకున్నట్టు వేలిముద్ర కావాలని కంపెనీ వాళ్లు మెలిక పెట్టారు. కెమెరా నాది, ఫిల్ము నాది, మధ్యలో ఈమె ఒప్పుకోలేమిటని గొణుక్కుంటూనే కెమెరా భుజాన వేసుకుని బస్సెక్కాను.

అంగట్లో కూర్చున్నామెను ముందు పోల్చుకోలేకపోయాను. నున్నటి గుండు, దాని మీద ఎండిన గంధం. నవ్వితే గుర్తుపట్టాను. ఆ వారమే తిరుమలకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చిందట. సంగతి చెప్పి కాగితం చాపాను.

"వేలిముద్రే గదా, ఎయ్యి," అన్నాడు పక్కన టెంకాయలకు పీచు తీస్తున్న మొగుడు.

ఆమె కాగితం ముట్టలేదు. "ఆ ఎంటికలు నావి గావప్పా. ఈ మనిసిని పాము కరిసినప్పుడు కొండకు మొక్కుకుంటిని. నువ్వు ఫొటో తీసేతలికే అవి సామివి. కొండకు పొయ్యేదాకా నేను కాపలా, అంతే."

"జుట్టు ఇచ్చేసినావు గదక్కా. ఇది వట్టి బొమ్మే."

"బొమ్మ సూసే గదా నూనె కొనేది? తీసుకోమంటి గానీ అమ్ముకోమనలేదే. సామి సొత్తు అమ్ముకోమని సెప్పేదానికి నేనెవుర్ని?"

చాపిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మొక్కిన క్షణం నుంచి తన తలమీద ఉన్నది తనది కాదనుకుని, రోజూ నూనె రాసి, చిక్కు తీసి, భద్రంగా పెంచింది. ఎన్నోసార్లు కొండెక్కాను గానీ, అంతటి నమ్మకాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

నా మొహం చూసి జాలిపడింది కాబోలు. "ఇంత దూరం వచ్చినావు, ఊరికే పోవద్దు. ఈ గుండు నాదే. దీన్ని తీసి యాడన్నా అమ్ముకో," అని కొంగు సర్దుకుని కెమెరా వైపు తిరిగింది. ఫొటో తీశాక, ఆ మాటే తెల్లకాగితం మీద నాచేత రాయించి వేలిముద్ర వేసింది. తలనూనె కంపెనీకి గుండు పంపితే ఏమంటారోనని మొగుడు ఒకటే నవ్వు.

జుట్టు ఫొటో ఇవ్వలేనని కంపెనీకి రాసేశాను. గుండు ఫొటోను స్టూడియోలో, వచ్చినవాళ్లు తల దువ్వుకునే అద్దం పైన తగిలించాను. తర్వాత ఒక పత్రిక వాళ్లు దాన్ని చూసి, అడిగినంత ఇస్తామన్నారు. అమ్ముకునే హక్కు నాకుంది, వేలిముద్రతో సహా. చేతులే రాలేదు.