గది బయట ఆరు జతల చెప్పులు

కాగితాలు లేకుండా పరాయి దేశంలో ఉండేవాళ్లను పట్టి పంపించేయాల అనే మాట నేను చానా సార్లు అన్నాను. ఇప్పుడు కూడా పూర్తిగా కాదనను. కువైట్‌లో పద్నాలుగేండ్లు ఇంటిపని చేసినాను. వీసా మీద పోయినాను, అకామా మీద ఉన్నాను. అకామా అంటే ఆ దేశంలో ఉండేదానికి ఇచ్చే కార్డు. అది లేనోళ్లు పోలీసు బండి కనపడితే సందులో దూరాల్సిందే.

అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. తిరుపతికి వచ్చేసినాక, ముసలితనంలో, మా వీధి టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ కార్డు మీద నా పేరే ఉందో, ఇంకొకరిది ఉందో అప్పుడు తెలీదు. ఫోటో నాది, అంతే. ఎవురైనా చూపించమంటే ఫోటో మీద వేలు పెట్టి చూపించేదాన్ని.

శుక్రవారం సెలవు. చిత్తూరు, పీలేరు పక్కనించి వచ్చిన ఆడోళ్లం అయిదుగురం కలిసి ఒక గది పెట్టుకున్నాం. వారానికి ఆ ఒక్క పూట ఆడ చేరి, సంగటి చేసుకుని, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి నూరుకుని తినేవాళ్లం.

ఒక శుక్రవారం పలమనేరు పిల్ల ఒకతి వచ్చి పడింది. మాలో ఒకామెకు దూరపు చుట్టం. పనిచేసే ఇంట్లో కొట్టి, గదిలో పెట్టి బీగం వేస్తా ఉన్నారంట. గోడ దూకి వచ్చేసింది. పాస్‌పోర్టు ఆ ఇంటాయన దగ్గరే ఉండిపోయింది. పారిపోయిందని ఆయన పోలీసులకు చెప్పేసినాడు. ఆ ఒక్క మాటతో దాని అకామా చచ్చింది.

"పెద్దమ్మా, ఒక్క వారం ఉంటాను. ఎంబసీకి పోయే దావ చూసుకుంటా" అనింది నాతో.

"నువ్వు దొరికితే, దాచినందుకు మమ్మల్ని కూడా పంపిస్తారు. తెలుసునా?"

"మళ్లా ఆడికే పోయి తన్నులు తినమంటావా?"

"నేనట్ల అన్లేదే. నీ మాదిరి దూకొచ్చినోళ్ల వల్లనే కదా మాకు ఈ చెకింగులు."

దాని చుట్టం నవ్వింది. "మా పెద్దమ్మ కంటే కువైటు పోలీసులే మేలు, పోవే" అనింది.

వారమంతా అది తలుపు తీయకుండా ఆ గదిలోనే ఉన్నింది. నేను పనిచేసే ఇంట్లో కాలింగ్ బెల్లు మోగితే ముందు కిటికీలోంచి చూసి గానీ తలుపు తీసేదాన్ని కాదు.

మళ్లా శుక్రవారం వచ్చింది. మమ్మల్నందర్నీ చూసేసరికి దానికి ధైర్యం వచ్చినట్లుంది. కింద అంగడికి పోయి పచ్చిమిరపకాయలు తెచ్చింది. వచ్చి, మా చెప్పుల పక్కనే తన చెప్పులు విడిచి లోపలికొచ్చింది. వారమంతా సంచిలో దాచిపెట్టినవి. మాకూ తట్టలేదు. చెప్పులేసుకుని ఇంట్లోకి ఎవురొస్తారు?

కాసేపటికి తలుపు కొట్టినారు. పిల్ల బాత్రూంలోకి దూరింది. ఇద్దరు పోలీసులు. కార్డులన్నీ చూసినారు. నాది ఎక్కువసేపు పట్టుకున్నాడు ఒకడు. నేను గోడకు ఆనుకున్నాను. కార్డు ఇచ్చేసి బయటికి పోయినాడు. పోయినవాడు నిలబడి కిందికి చూసినాడు. అరబ్బీలో ఆరు అన్నాడు. మా వైపు తిరిగి అయిదు అన్నాడు. ఆ మాత్రం అరబ్బీ వంటింట్లో నాకు వచ్చేసింది.

"ఆరో జత చెప్పులు ఎవురివి?" అని నన్నే అడిగినాడు, పెద్దదాన్నని.

నావే అని ఉండొచ్చు. రెండు జతలు ఉండకూడదా మనిషికి? తొడిగి చూపించమంటే నా పాదం ఆ పిల్ల చెప్పుల్లో పట్టదని భయం. కార్డు పిడికిట్లో తడిసిపోయింది. బాత్రూం తలుపు వైపు చూసినాను. అనుకోకుండా చూసినానని మిగతావాళ్లతో చెప్పినాను. ఈడ నిజం రాస్తా ఉన్నాను. అనుకునే చూసినాను.

వాడు అటు అడుగు వేసే లోపల పిల్లే బయటికొచ్చింది. ఇప్పుడే వచ్చినాననీ, నేనెవురో వీళ్లకు తెలీదనీ వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. చెప్పులు తొడుక్కుని "పోయొస్తా పెద్దమ్మా" అనింది. ఆ మాటతో మేం దొరికిపోయినట్లే అనుకున్నాను. వాడికి తెలుగు అర్థం కాలేదు కాబట్టి బతికిపోయినాం.

ఏ దేశానికైనా తలుపు ఉండాల్సిందే. అయితే ఆ పిల్ల కూడా నా మాదిరే వీసా మీద పోయింది, నేను ఎక్కిన విమానం లాంటిదే ఎక్కింది. మనిషి కాగితం ఇంకొకడి బీరువాలో పెట్టే చట్టం ఏం చట్టం? నా ఇంటాయన కొట్టలేదు, కాబట్టి నేను సక్రమం. అంతకు మించి నాలో గొప్పేం లేదు.

దాన్ని ఊరికి పంపించేసినారు. ఇప్పుడు పలమనేరులో ఆవులు పెట్టుకుని బాగుందని విన్నాను. ఆ పొద్దు బాత్రూం తలుపు వారగా తెరిచే ఉన్నింది. నేను అటు చూడడం ఆ పిల్ల చూసిందో, లేదో తెలీదు. అడగాలంటే భయం. తిరుపతి నుంచి పలమనేరుకు బస్సులు పోతానే ఉంటాయి. ఇంతవరకు ఎక్కలేదు.