పదో కస్టమర్ కోసం పెంచలప్రసాద్ పడిన పాట్లు

నెల్లూరులో ఒక టిఫిన్ హోటల్ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, బోర్డు మీద మాత్రం 'ఇంటర్నేషనల్' అని రాయించుకున్న మహానుభావుడు పెంచలప్రసాద్. ఆ ఇంటర్నేషనల్ కంపెనీలో పనిచేసేది ఇద్దరే. ఒకరు తాను, రెండోది అనూష.

వాళ్ళు అమ్మే సరుకు పేరు 'రొయ్యరాజు'. రొయ్యల మేత దుకాణాల్లో బిల్లులు కొట్టే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌కు తోకలా తగిలించే యాప్ అది. రైతు కొన్న మేత ఎంతో, గుంటలో రొయ్య ఏ కౌంటుకు వచ్చిందో, అంటే కిలోకు ఎన్ని తూగుతున్నాయో చూసి, రేపు ఎంత మేత చల్లాలో చెబుతుంది. నిజం చెప్పాలంటే యాప్ మంచిదే. తంటా అంతా అమ్మేవాడితోనే.

ఆ పెద్ద సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇలాంటి యాప్‌లన్నీ ఒకచోట పెట్టి ఆన్‌లైన్ అంగడి నడుపుతారు. మూడు నెలల్లోగా పదిమంది కస్టమర్లు రివ్యూలు రాయకపోతే రొయ్యరాజును అందులోంచి పీకేస్తామని మెయిల్ పెట్టారు. పీకేస్తే మూడేళ్ళ చాకిరీ గంగపాలే.

ప్రసాద్‌కు తొమ్మిదిమంది ఉన్నారు. ఎవరయ్యా అంటే మరదలి గాజుల షాపు, తోడల్లుడి టైలరింగు, మేనత్త బ్యూటీ పార్లరు, ఇంకా ఇట్లాంటివే. 'మా రొయ్యలు రెండింతలు పెరిగాయి' అని గాజులమ్మే మరదలు రివ్యూ రాసింది. రాసిందేమిటిలే, అనూష రాసిపెడితే నొక్కింది! వెబ్‌సైట్‌లో మాత్రం 'కోస్తా అంతటా వందలాది రైతుల నమ్మకం' అని ఉంటుంది. సిగ్గు కూడా విడిగా కొని తగిలించుకోవాల్సిన యాప్ అనుకున్నాడు కాబోలు.

పదోవాడు నిజమైన మనిషే దొరికాడు. ఇందుకూరుపేటలో మేత దుకాణం నడుపుతూ, మైపాడు దారిలో సొంతానికి రెండు గుంటలు సాగుచేసే ముత్యాలయ్య. ఆయన దగ్గర మేత కొనే రైతులు అరవైమంది.

"చూడబ్బయ్యా, మా కాడ కౌంటు బయటికి చెప్పం. సరుకు లారీ ఎక్కిందాకా పెళ్ళానికి కూడా చెప్పం. దిష్టి తగిలిందంటే తెల్లారేతలికి చచ్చి తేల్తాయి," అన్నాడు ముత్యాలయ్య.

"అదే కదన్నా మా గొప్ప! మీ కౌంటు మీకూ, మీ ఫోనుకూ తప్ప మూడోవాడికి తెలవదు," అన్నాడు ప్రసాద్ గుండెమీద చెయ్యేసుకుని.

"అట్టయితే ముందు నా గుంటలో చూస్తా. బాగుంటే అరవైమందికీ నేనే చెప్తా. రివ్యూ కూడా రాస్తా."

చుట్టుపక్కల గుంటలన్నీ యాభై కౌంటు దగ్గరే మూలుగుతుంటే, ముత్యాలయ్య రొయ్యలు కిలోకు ముప్పయ్యే తూగేంత లావెక్కాయి. మూడోవాడికి తెలియదన్న ఆ అంకెను ప్రసాద్ తన కంప్యూటర్లో చూశాడు. ఇక ఒళ్ళు తెలియలేదు.

"సార్, అందరికీ పంపేముందు ఆయనకు ఒక మాట చెబుదాం," అంటూనే ఉంది అనూష.

"నువ్వుండమ్మా! సంతోషపడి ఇంకో పదిమందిని పట్టుకొస్తాడు," అన్నాడు. ముత్యాలయ్య ఫొటో చుట్టూ పూలదండ బోర్డరు వేసి, పక్కన కిరీటం పెట్టిన రొయ్యను నిలబెట్టి, 'ముత్యాలయ్య గారి విజయగాథ! ముప్పై కౌంటు! మరి మీరో?' అని ఆ దుకాణం బిల్లుల్లో ఉన్న నంబర్లన్నిటికీ వాట్సాప్‌లో పంపేశాడు. ఆ దండ చూసి ఇద్దరు ముత్యాలయ్య పోయాడనుకున్నారు.

మిగతావాళ్ళు తెల్లారేసరికి దుకాణం ముందున్నారు.

"మొన్న అడిగితే పెరగలా అంటివే! నీ గుంటకు ఏ మేత చల్లినావు? మాకు ఏ మేత అంటగట్టినావు?" అని పదిహేనేళ్ళుగా అక్కడే కొంటున్న హజరత్తయ్య మీదికి పోయాడు. ముత్యాలయ్య బిడ్డలమీద ఒట్టేసినా ఎవరూ నమ్మలేదు. ఆ వారంలోనే సగంమంది వేరే దుకాణానికి మళ్ళారు.

ప్రసాద్ పండ్ల సంచి పట్టుకుని పరుగెత్తాడు. "తప్పయిపోయిందన్నా."

ముత్యాలయ్య అరవలేదు. అరిచినా బాగుండేది.

"రివ్యూ రాస్తానని మాటిచ్చినా కదబ్బయ్యా. రాసినాలే, పో."

బతికాంరా దేవుడా అనుకుంటూ ప్రసాద్ ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కాడు.

"పది అయినాయి సార్. ఇంక మన యాప్‌ను పీకరంట," అంది అనూష. ఆమె మొహంలో మాత్రం సంతోషం లేదు.

ప్రసాద్ కంప్యూటర్ తెర తనవైపు తిప్పుకున్నాడు. పదింటిలో ఒక్క ముత్యాలయ్య రివ్యూకే 'నిజంగా వాడిన కస్టమర్' అని పచ్చ టిక్కు పెట్టి, అంగడివాళ్ళు అన్నిటికంటే పైన నిలబెట్టారు.

'యాప్ మంచిది. దాన్ని నమ్మండి. అమ్మే పిలగాడికి మాత్రం మీ గుంట యాడుందో కూడా చెప్పబాకండి.'