ఉంగరంలో ఈగ

గౌడవెల్లి ఆడబిడ్డ, శామీర్‌పేట కోడలు, ఇప్పుడు కొంపల్లి విల్లాల్లో ఉంటున్న ఆమనికి బుద్ధెరిగాక నోరు మూతపడింది ఒక్కసారే. అది రెండువేల ఎనిమిదిలో, ఒక నగల దుకాణంలో, పట్టపగలు, అత్తగారి సమక్షంలో. ఆమె నోటి ధాటి తెలిసినవాళ్లు ఈ మాట నమ్మరు. ప్లాట్లు కొనడానికి వచ్చిన వాళ్లతో, ఇల్లు కట్టే మేస్త్రీతో, గేటు దగ్గరి వాచ్‌మన్‌తో ఒకేసారి మాట్లాడి ముగ్గురినీ ఒప్పించగల మనిషి ఆమె. అలాంటిది ఆ రోజు దుకాణంలో అమ్మాయి మంచినీళ్లు ఇస్తే, గ్లాసు ఎందుకు ఇచ్చిందో కూడా తెలియనట్టు చూసింది.

ఆ సంగతి తెలియాలంటే ముందు ఆమని తల్లి ముక్కు గురించి చెప్పుకోవాలి.

తల్లి పేరు దుర్గాబాయి. ఆమె ఒంటి మీద చెప్పుకోదగ్గ నగ ఒక్కటే, వాళ్ల అమ్మ నుంచి వచ్చిన వజ్రపు ముక్కుపుడక. చిన్నప్పుడు ఆమని మధ్యాహ్నాలు తల్లి ఒళ్లో పడుకుని తల చూపించుకునేది. పేలు దొరికినప్పుడల్లా కెవ్వుమనేది. మిగతా సమయమంతా కింద నుంచి ఆ రాయినే చూసేది. ఆ రాయి లోపల ఒక మూలకు నల్లటి చుక్క, దానికి అటూ ఇటూ వెంట్రుకల్లాంటి గీతలు ఉండేవి. అచ్చం ఈగ వాలినట్టే.

"అమ్మా, నీ ముక్కు మీద ఈగ కూసున్నదే!"

దుర్గాబాయి చేత్తో తోలినట్టు తోలి, "పోతలేదు బిడ్డా. నువ్వంటే మస్తు పానం దానికి. నీ పెండ్లికి నీకే ఇస్త, నువ్వే తోలుకో" అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. రోజూ ఇదే ఆట, రోజూ ఇదే మాట.

తొంభై మూడులో ఆమనికి శామీర్‌పేట సంబంధం కుదిరింది. అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా అంగూర తోటలు, అదే ద్రాక్ష తోటలు. పెళ్లికొడుకు నవీన్ తండ్రి జనార్ధన్‌కూ పెద్ద తోటే ఉండేది. పందిరి నిండా గుత్తులు వేలాడుతుంటే చూసి మురిసిపోయిన జనార్ధన్, మాట ముచ్చటకు కూర్చున్న పెద్దమనుషుల ముందు మీసం దువ్వి, "పూలుపండ్ల నాడు మా కోడలి వేలికి బంగారం కాదు, వజ్రం వెడుత" అని ప్రకటించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పంట ఇంకా పందిరి మీదే ఉంది. అయినా అంగూర పండించే ఆసామికి గుత్తి కనబడితే డబ్బు కనబడినట్టే, నోరు ఆగదు.

అన్నమాట ప్రకారమే పూలుపండ్లు పెట్టిన రోజు ఆమని వేలికి వజ్రపుటుంగరం వచ్చింది. గౌడవెల్లిలో నిశ్చితార్థానికి వజ్రం పెట్టించుకున్న మొదటి పిల్ల తానేనని ఆమని నెల రోజులు చెయ్యి తిప్పకుండా మాట్లాడలేదు. ఆ సంబరంలో తల్లి ముఖం సరిగా చూడలేదు. పెళ్లి రోజు పొద్దున చూసింది. దుర్గాబాయి ముక్కుకు వజ్రం లేదు. ముక్కు కన్నం పూడిపోకుండా పేదింటి ఆడవాళ్లు పెట్టుకునే చీపురుపుల్ల ఉంది.

"గదేందమ్మా! ముక్కుపుడక ఏది?"

"బాయిల వడ్డది బిడ్డా. నీళ్లు తోడంగ జారింది."

ఆమని నమ్మలేదు. స్నానానికి కూడా తియ్యని ముక్కుపుడక బావిలోకి ఎట్లా జారుతుంది? తమ్ముడు వీరేందర్‌కు రాబోయే పెళ్లాం కోసం దాచిపెట్టి ఉంటుందనుకుంది. "నాకిస్తనని నమ్మిచ్చి మోసం జేసినవ్" అని పెళ్లిబట్టల్లోనే ఏడ్చింది. ఫోటోలకు నిలబడినప్పుడు అత్తగారి తరఫు వాళ్ల కళ్లు ఆ పుల్ల మీదే ఉన్నాయని సిగ్గుపడి, "అమ్మా, నువ్వు జర ఎన్కకు నిలవడు" అంది. దుర్గాబాయి నిలబడింది. ఆల్బం మొత్తంలో ఆమె ముఖం ఎక్కడా పూర్తిగా పడలేదు.

అత్తగారు లక్ష్మమ్మ ఊరుకునే మనిషి కాదు. పెళ్లయినా, పేరంటమైనా, పదిమంది చేరితే చాలు, "మా వియ్యపురాలికి నగల పట్టింపు లేదమ్మా, సీపిరి పుల్లతోనే సంబురం జేస్తది" అనేది. అందరూ నవ్వేవాళ్లు. దుర్గాబాయి కూడా నవ్వి, ముక్కు మీద వేలు పెట్టుకునేది. ఆమనికి కోపం వచ్చేది కాని అత్తగారి మీద కాదు, తల్లి మీద. తమ్ముడికి పెళ్లయి, మరదలి ముక్కు బోసిగా కనబడ్డాక కూడా ఆ కోపం పోలేదు. అమ్ముకుని ఉంటుందిలే అనుకుంది. అనుమానానికి అన్నం నీళ్లు అక్కర్లేదు, దానంతటదే బతుకుతుంది. పుట్టింటికి రాకపోకలు పండగకు, పబ్బానికి అన్నట్టు తగ్గిపోయాయి.

కాలం మారింది. అంగూర గిట్టుబాటు కాక పందిళ్లు పీకేశారు, తోటలన్నీ ప్లాట్లయ్యాయి. రింగు రోడ్డు వస్తుందన్న మాటకే భూముల ధరలు ఆకాశాన్నంటాయి. జనార్ధన్ ఆ వైభవం చూడకుండానే కాలం చేశాడు. నవీన్ చూశాడు, కొంపల్లిలో విల్లా కొన్నాడు. ఆ విల్లాల్లో ఆడవాళ్లకు అప్పుడొక కొత్త పిచ్చి పట్టింది. నిశ్చితార్థం ఉంగరానికి జోడీగా, అదే వేలికి, పెళ్లిరోజు గుర్తుగా వజ్రాల బ్యాండు వేసుకోవడం. పక్కింటావిడ వేసుకుంది, ఎదురింటావిడ వేసుకుంది. ఆమని ఊరుకుంటుందా?

"నాది అందరి కన్న ముందటి వజ్రం. దానికి జోడీ లేకుంటే ఎట్ల?" అంది. నవీన్ సరేనన్నాడు. మోకాళ్ల నొప్పులని గుడికి కూడా రాని లక్ష్మమ్మ, నగల దుకాణం అనగానే చీర మార్చుకుని వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది.

దుకాణంలో బిందు అనే అమ్మాయి బ్యాండ్లు పరిచింది. వెడల్పాటిది పెడితే పక్కన పాత ఉంగరం బిక్కచచ్చిపోయింది. వంపు తిరిగిన దాన్ని పెడితే రెంటికీ మధ్య సందు మిగిలింది. సన్నగా, చిన్న చిన్న రాళ్లు వరసగా పొదిగిన మూడోది మాత్రం ఉంగరాన్ని ఆనుకుని చక్కగా కూర్చుంది. ఆమనికి నచ్చింది. కాని పక్కపక్కన చూస్తే కొత్త రాళ్లు తళతళమంటున్నాయి, పాతది మబ్బు పట్టినట్టుంది.

లోపలి నుంచి పెద్దాయన నారాయణ వచ్చి చూశాడు. "రాయి మంచిదేనమ్మా. పాతకాలపు కట్టడం కదా, వెనక మూసేశారు, చుట్టూ బంగారం అంచు ఎక్కువ తొడిగారు. వెలుతురు ఎట్లా పోతుంది? రాయి తీసి, వెనక తెరిచి, సన్నటి బంగారు కాళ్ల మీద నిలబెడితే బ్యాండుకు సరిజోడు అవుతుంది" అన్నాడు.

"రాయి తీసుడేంది? ఏం వద్దు! కదిలిస్తే అరిష్టం" అని లక్ష్మమ్మ గట్టిగా అడ్డం పడింది. "ఉన్నకాడ ఉండనియ్యిరి. ఇగ పోదాం పా."

అత్తగారు వద్దన్నది కాబట్టి ఆమనికి కావాలనిపించింది. ఇందులో వింతేమీ లేదు. "తియ్యుర్రి" అంది.

నారాయణ అక్కడే కూర్చుని అంచు విప్పి, రాయిని తెల్ల కాగితం మీద పెట్టాడు. భూతద్దంలో చూసి, "ఓహో, అందుకా అంత అంచు తొడిగింది! ఒక మూల చిన్న మచ్చ ఉందమ్మా. కంసాలులు మామూలుగా మచ్చను అంచు కిందికి పోనిచ్చి కడతారు. మీరే చూడండి" అని అద్దం అందించాడు.

ఆమని కన్ను ఆనించి చూసింది.

నల్లటి చుక్క. అటూ ఇటూ వెంట్రుకల్లాంటి గీతలు.

ఈగ!

అద్దం తీసి ఉత్త కంటితో చూసింది, మళ్లీ అద్దంతో చూసింది. అదే ఈగ. తల్లి ఒళ్లో పడుకుని కొన్ని వందల మధ్యాహ్నాలు చూసిన ఈగ. బావిలో పడ్డ ఈగ, అమ్ముకున్న ఈగ, ఎవరికో దాచిపెట్టిన ఈగ! అది ఇన్నేళ్లూ తన వేలి మీదే కూర్చుని ఉంది. కొబ్బరినూనె వాసన, తల్లి పొట్ట వెచ్చదనం ఒక్కసారిగా ముఖానికి తగిలాయి. నోరు తెరిచింది కాని మాట రాలేదు. బిందు ఇచ్చిన మంచినీళ్లు చేతిలోనే ఉండిపోయాయి.

"ఏమైందే?" అన్నాడు నవీన్.

ఆమని అత్తగారి వైపు తిరిగింది. లక్ష్మమ్మ ముఖం పాలిపోయి ఉంది. ఆ ముఖం చూశాక ఇక అడగాల్సిందేమీ లేదు. అయినా అడిగింది.

"అత్తమ్మా. ఇది మా అమ్మ ముక్కుది."

"నాకేం ఎరుక?" అంది లక్ష్మమ్మ. మరుక్షణమే కుర్చీలో కూలబడింది.

"బాపు కొన్నడు గద అమ్మా?" నవీన్ గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. తండ్రి పెట్టిన వజ్రం గురించి ఊరూరా చెప్పుకున్నవాడు అతను.

"మీ బాపు ఏం కొంటడురా? పూలుపండ్లు వారం ఉన్నదనంగ రాళ్లవాన వడ్డది. తోటల ఒక్క గుత్తి మిగల్లే. నలుగుట్ల అన్న మాట వోతే నేను ఊర్ల తిరుగ, కార్యం ఆపుదాం అన్నడు. ఎట్ల తెలిసిందో ఏమో, ఈమె తల్లి ఒక్కతే బస్సెక్కి తోట కాడికి వచ్చింది. నిలవడ్డ కాన్నే ముక్కుకున్నది తీసి నా చేతుల వెట్టింది. 'వదినా, ఆగిన పెండ్లి మళ్ల ముడివడదు, పిల్లకు చెడ్డపేరు వస్తది. ఇది మీరే కొన్నరు. నా బిడ్డకు సుత చెప్పకుర్రి, దాని కండ్లల్ల అత్తగారిల్లు తక్కువ కావొద్దు' అన్నది. పోశమ్మ మీద ఒట్టేయించుకున్నది."

ఆమని గ్లాసు కౌంటర్ మీద పెట్టేసింది. "మరి సీపిరి పుల్ల, సీపిరి పుల్ల అని అందరి ముందల ఎందుకన్నవ్? నీకు అన్నీ ఎరుకేనాయె!"

లక్ష్మమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఆమె ముక్కు సూసినప్పుడల్ల నాకు తలకాయ కొట్టేసినట్టుండేది బిడ్డా. మేలు జేసినోళ్ల మొఖం సూసుడు శాన కష్టం. ఏనాడన్న నోరు జారి నలుగుట్ల అంటదేమో అని ముందుగాల నేనే అంటుంటి. ఆమె ఒక్కనాడు అనలే."

ఆమనికి అత్తగారిని కొట్టాలన్నంత కోపం వచ్చింది. అంతకంటే ముందు 'ఎన్కకు నిలవడు' అన్న తన గొంతే తనకు వినబడింది. కోపం అక్కడే చచ్చిపోయింది. అత్తగారు తెలిసి అన్నది, తాను తెలియక అన్నది. విన్న మనిషి మాత్రం ఒక్కతే.

బ్యాండు కౌంటర్ మీదే ఉండిపోయింది. నారాయణ మడిచి ఇచ్చిన కాగితం పొట్లం పిడికిట్లో పెట్టుకుని ఆమని కారెక్కింది. నవీన్ కారును నేరుగా గౌడవెల్లికి పోనిచ్చాడు. ఇంటి ముందు కారాగినా లక్ష్మమ్మ దిగలేదు.

దుర్గాబాయి వాకిట్లో చాప వేసుకుని చింతపండు గింజ తీస్తోంది. పండగా పబ్బమా, చెప్పా పెట్టకుండా బిడ్డ వచ్చేసరికి కంగారుగా లేచింది. "ఏందే, అంత మంచిదేనా?"

ఆమని పొట్లం విప్పి తల్లి అరచేతిలో పెట్టింది.

దుర్గాబాయి చూసింది. అరచెయ్యి ఎండలోకి జరిపి మళ్లీ చూసింది. ముఖంలో రంగు మారిపోయింది. "ఎవరు జెప్పిన్రు? ఒట్టేసింది గదా ఆమె!"

"ఎవరు చెప్పలే. ఈగ కనవడ్డది" అంది ఆమని. ఆ మాటతో ఏడుపు కట్ట తెంచుకుంది. "బాయిల వడ్డదని ఎందుకు చెప్పినవే? ఇన్నేండ్లు నేను నిన్ను ఎన్ని అనుకున్ననో ఎరుకేనా? పెట్టుకో. నీది నువ్వు పెట్టుకో. ఇప్పుడే మళ్ల ముక్కుపుడక చేయిస్త."

దుర్గాబాయి నవ్వింది. "యాడ పెట్టుకోవాలె? కన్నం పూడి ఎన్నేండ్లాయెనో."

ఆమని తలెత్తి చూసింది. నిజమే. కన్నం లేదు, చీపురుపుల్లా లేదు. అక్కడ నువ్వుగింజంత గుంట మాత్రం ఉంది. ఆ పుల్ల ఎప్పుడు తీసేసిందో ఆమనికి తెలియదు. ఎదురింటావిడ వేలి మీద బ్యాండు మొదటిరోజే చూసిన మనిషి, తల్లి ముఖం చూసి ఎన్నేళ్లయిందో చెప్పలేకపోయింది. చాప మీద కూలబడింది.

ఈలోగా దుర్గాబాయి కళ్లు కారు మీద పడ్డాయి. చెంబుతో నీళ్లు తీసుకుని వెళ్లి, కారు తలుపు తనే తీసింది. "ఏం వదినా, మా ఇంట్లకు రావా? దిగు. ఎండల కూసుంటే కండ్లు తిరుగుతయ్." లక్ష్మమ్మ చెంబు అందుకుంది కాని, నీళ్లు తాగకుండా ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు" అని దుర్గాబాయి ఆమెను లోపలికి నడిపించింది.

తర్వాత వచ్చి బిడ్డ పక్కన చాప మీద కూర్చుంది. పొట్లం మళ్లీ మడిచి ఆమని పిడికిట్లో పెట్టి మూసింది.

"నాకొద్దమ్మా" అంది ఆమని. "నేను నిన్ను మోసం జేసినవన్న. పెండ్లినాడు, అందరు ఇనంగ."

"అన్నవ్. నాకు నవ్వొచ్చింది అప్పుడు."

"నవ్వెందుకొచ్చింది?"

దుర్గాబాయి చిన్నప్పటిలాగే బిడ్డ తలను ఒళ్లోకి లాక్కుంది. జుట్టులో వేళ్లు పోనిచ్చి, అలవాటుగా పాయలు తీస్తూ అంది.

"నీ పెండ్లికి నీకే ఇస్తనన్న. ఇచ్చిన గద బిడ్డా."