మార్తమ్మగారు తీయించిన పేరు

వానాకాలంలో మా కాలేజీ స్టోరుగదిలోని బీరువా తెరిస్తే ఒక వాసన ముఖానికి కొడుతుంది. చెమ్మ పట్టిన అట్టపెట్టెలు, బూజు, పాత ప్లాస్టిక్కు కలిసిన వాసన. మొన్న ఏవో పాత కాగితాల కోసం తలుపు లాగి, ఆ వాసనకి అక్కడే నిలబడిపోయాను. రాజమండ్రిలోని ఈ కాలేజీలో కంప్యూటరు అన్నది ఇప్పుడు ఒక గదిలో లేదు. అంతా ఎక్కడో దూరాన ఉన్న యంత్రాల్లో ఉంటుంది, మేము అద్దెకు వాడుకుంటాం. ఎవరు ఎందులోకి వెళ్ళవచ్చు, ఎవరు ఎంత వాడుకోవచ్చు, ఎవరిని ఎక్కడ ఆపాలి అన్నది చూసుకోవడం నా పని. ఈ పని నాకు నేర్పిన మనిషి, ఈ అద్దె యంత్రాలకు పెట్టిన ‘క్లౌడ్’ అన్న పేరు వినకుండానే పోయారు. ఆమె పేరు మార్తమ్మ.

ఎనభైల చివర్లో, గ్యాసు కోసం బావులు తవ్వే ఒక కంపెనీ అమలాపురంలో మేడ ఇల్లు అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టింది. నేను బండారులంక నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ టైపిస్టుగా పనిచేసేదాన్ని. మేడ మీద ఏసీ గదిలో ఒక కంప్యూటరు, దానికి తెర, కీబోర్డు ఉన్న నాలుగు టెర్మినల్సు ఉండేవి. వాడుకునేవాళ్ళం పాతికమందికి పైనే. దాన్ని చూసుకునే ఆఫీసరు మార్తమ్మగారు. ఆమె తండ్రి రాజోలు దగ్గర ఒక రైతు కింద పాలేరు. మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, లెక్కల్లో డిగ్రీ తెచ్చుకుని, హైదరాబాదులో కంప్యూటరు ట్రైనింగు అయి వచ్చారు. నలభై దాటిన సన్నటి మనిషి. నవ్వడం తక్కువ. ఊడ్చే మనిషిని కూడా ‘గారు’ అనే పిలిచేవారు.

ఆమె రాకముందు టైపిస్టులందరం ‘ఆఫీసు’ అన్న ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో కంప్యూటర్లోకి వెళ్ళేవాళ్ళం. ఆమె వచ్చిన వారంలోనే ఆ పేరు కొట్టేసి, మనిషికో పేరు ఇచ్చారు. నన్ను కూర్చోబెట్టి, “పాస్‌వర్డు ఒకటి అనుకోండి రాజేశ్వరిగారూ, నాక్కూడా చెప్పొద్దు” అని గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాకు నవ్వొచ్చింది. “మనలో మనకెందుకండీ ఇదంతా?” అన్నాను. ఆమె ఇటు తిరగకుండానే చెప్పారు. “మా హాస్టల్లో బియ్యం గదికి ఒకటే తాళంచెవి ఉండేదండి, మేకుకి వేలాడుతూ. ఎవరు పడితే వాళ్ళు తీసేవోరు. ఓసారి బియ్యం పోయేయి. ఎవరు తీసేరో ఎలా తెలుస్తుందండీ? పిల్లలందరిలోకీ పేదదాన్ని నేను. నన్ను అందరి ముందూ కొట్టేరు. తియ్యలేదని చెప్పడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు.” నేను పాస్‌వర్డు టైపు చేశాను.

ఆ పద్ధతులు చాలామందికి గిట్టలేదు. యంత్రం మొత్తం మీద అధికారం ఉండే పాస్‌వర్డు ఒకటుండేది. దాన్ని కవర్లో పెట్టి, సీలు వేసి, మేనేజరుగారి ఇనప్పెట్టెలో ఉంచారు. రోజువారీ పనికి ఆమె కూడా మాలాంటి మామూలు పేరే వాడేవారు. ఒకసారి తవ్వకాల ఆఫీసరొకాయన పైకి వచ్చి, “ఆ పెద్ద పాస్‌వర్డు నాక్కూడా ఇవ్వండి, ప్రతిదానికీ మిమ్మల్ని అడగడమేమిటి?” అని గట్టిగా అన్నారు. “మీకేం పని కావాలో చెప్పండి సార్, ఆ పని మట్టుకు అయ్యేలా చూస్తాను” అన్నారామె. ఆయన రిపోర్టు మొదలైతే మిగతా టెర్మినల్సన్నీ నత్తనడక నడిచేవి. అందుకని దానికి మధ్యాహ్నం మూడు తర్వాత సమయం కేటాయించారు. పొద్దున్నంతా కూలీల హాజరు మస్టర్లకే. “బావి ఒక పూట ఆగుతుందండి. మస్టరెక్కకపోతే ఆ మనిషి ఆ రోజు పనిలోకి రానట్టే” అన్నారు నాతో.

ఆ మస్టర్లు ఎక్కించే పని నాది. క్యాంపుల్లో మట్టిపని చేసే రోజుకూలీల హాజరు అది. కంపెనీ పెట్టిన గడువులో ఇన్ని రోజులు పనిచేసినవాళ్ళను పర్మనెంటు చేస్తామని అప్పట్లో ఒక మాట ఉండేది. ఆ రోజుల లెక్క కంప్యూటర్లోంచే తియ్యాలి. సరిగ్గా ఆ సమయంలోనే మా అమ్మకు టైఫాయిడు వచ్చింది. సెలవు పెడితే మస్టర్లు ఆగిపోతాయి. కూలీల వ్యవహారాలు చూసే సెక్షనులో మూర్తిగారని ఉండేవారు. “అమ్మని చూసుకోమ్మా, నేను ఎక్కించేస్తాలే, పాస్‌వర్డు చెప్పు” అన్నారు. మార్తమ్మగారిని అడిగితే ఆయనకు విడిగా ఒక పేరు ఇచ్చి ఉండేవారు. అడగలేదు. చీటీ మీద రాసి ఇచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చి, పాస్‌వర్డు మార్చుకోవడం కూడా మరిచిపోయాను.

రెండు నెలలకు పర్మనెంటు జాబితా తయారుచేస్తుంటే, రాజోలు వైపు క్యాంపులో ముప్పైమంది హాజరు రెండు నెలలపాటు ఖాళీగా వచ్చింది; అంటే పర్మనెంటుకి వాళ్ళ రోజులు చాలనట్టే. కాగితం మస్టర్లు అడిగితే, వానకి తడిసి పాడైపోయాయని మూర్తిగారి సెక్షను చెప్పింది. ఇక మిగిలింది, కంప్యూటర్లోని లెక్కలకు మార్తమ్మగారు వారం వారం టేపుల మీదికి తీసే నకళ్ళు. అవి అదే గదిలో చెక్క బీరువాలో ఉండేవి. ఒక నకలు వేరే ఊళ్ళో, పొడిగా ఉండే చోట పెట్టనివ్వమని ఆమె మూడుసార్లు రాసినా ఎవరూ జవాబివ్వలేదు. బీరువా తెరిచేసరికి టేపుల మీద తెల్లగా బూజు కట్టి ఉంది. రెండు రోజులపాటు వాటిని మెత్తటి గుడ్డతో తుడిచి, ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించారు. మాకు కావలసిన నెలల దగ్గరికి వచ్చేసరికి యంత్రం చదవలేనని ఆగిపోయేది.

ఎవరు ఏం చేసిందీ యంత్రం తనంతట తాను చిట్టా రాసుకుంటుంది. ఆమె దాన్ని ప్రింటు తీసి నా ముందు పెట్టారు. ఆ హాజరు చెరిపిన మనిషి పేరు దగ్గర నా పేరుంది. “మీ పాస్‌వర్డు ఎవరికిచ్చేరండీ?” అన్నారు మెల్లగా. ఏడుస్తూ చెప్పాను. ఉద్యోగం పోతే ఇంట్లో ఏమవుతుందో చెప్పాను. చివరికి, “చిట్టాలో ఆ ఒక్క వరస మీరు తీసెయ్యగలరు కదండీ” అన్నాను.

“ఆయ్, తియ్యగలను” అన్నారు. “తియ్యగలను కాబట్టే నేను తియ్యకూడదండి.”

రిపోర్టు ఆమే రాశారు. మొదటి పేరాలో తన తప్పు రాసుకున్నారు: టేపులు చదువుతున్నాయో లేదో ఎప్పుడూ ఎక్కించి చూడలేదని. నేను పాస్‌వర్డు ఎవరికి, ఎందుకు ఇచ్చిందీ ఉన్నదున్నట్టు రాశారు. మూర్తిగారేమో, నేను తనకు పాస్‌వర్డు ఇవ్వనేలేదన్నారు. చీటీ లేదు, సాక్షి లేరు. హాస్టల్లో తనకు జరిగింది నాకు చెప్పిన మనిషి ఎదుటే, నేను రుజువు లేకుండా నిలబడ్డాను.

ఆ వారంలో కూలీలు గేటు దగ్గరికి వచ్చారు. మార్తమ్మగారు కిందికి దిగి వెళ్ళారు, నేను వెనకే వెళ్ళాను. వాళ్ళలో ఏసుబాబు అని ఒకతను, చేతులు కట్టుకుని, ఏమాత్రం కోపం లేకుండా అడిగాడు. “నేను పని చేసిన రోజులు మిషన్లో లేవంటన్నారండి. మరి ఆ రోజుల్లో నేనెక్కడున్నట్టండీ?”

“మీరు పనిలోనే ఉన్నారండి. మీ రోజులు నా దగ్గరే పోయేయి” అన్నారామె. నా వైపు చూడలేదు. జాబితా వాళ్ళ పేర్లు లేకుండానే వెళ్ళిపోయింది. తర్వాత ఆ క్యాంపు ఎత్తేశారు.

నాకు మూడు నెలల సస్పెన్షను వేశారు. ఆమెను ఉత్తరాదిన ఎక్కడో ఒక గోడౌనుకి బదిలీ చేశారు, కంప్యూటరు లేని చోటికి. మూర్తిగారు ఉన్నచోటే ఉన్నారు; ఎందుకు చెరిపారో, ఎవరు చెరిపించారో ఎవరూ అడగలేదు. నేను తిరిగి పనిలో చేరిన రోజూ, ఆమె వెళ్ళిపోయే రోజూ ఒకటే అయింది. ఆమె నాతో ముభావంగా ఉంటారనుకున్నాను. పక్క కుర్చీ లాగి, “రండి, ఒక పని ఉంది” అన్నారు. ఆ కంప్యూటరు వాడుకునేవాళ్ళ పేర్ల పట్టిక తెర మీద ఉంది. అందులో తన పేరు చూపించి, తీసెయ్యమన్నారు.

“మీరింకా బస్సు కూడా ఎక్కలేదు కదండీ” అన్నాను.

“వెళ్ళేవాళ్ళ పేరు వెళ్ళేరోజే తియ్యాలండి. మంచివాళ్ళదైనా సరే. ఊరికే ఉన్న పేరుతో ఎవరో లోపలికొస్తారు.”

ఆమె వేచి చూశారు. చివరికి నేనే టైపు చేశాను. పచ్చటి అక్షరాల వరసలోంచి ఆమె పేరు పోయి, కింది పేర్లు ఒక్కో మెట్టు పైకి జరిగాయి. “ఆయ్” అని లేచి, సంచీ తీసుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయారు. నేను రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. కొన్నేళ్ళకు, అక్కడే జబ్బుచేసి పోయారని విన్నాను.

ఇప్పుడు మా కాలేజీలో ఎవరు మానేసినా ఆ సాయంత్రానికల్లా వాళ్ళ పేరు తీసేస్తాను. కరకు మనిషినని అంటారు. నకళ్ళు రెండు ఊళ్ళలో ఉంచి, నెలకోసారి వాటిని తెరిచి చదివి చూస్తాను. పెద్దవాళ్ళు పాస్‌వర్డు అడిగితే పని ఏమిటో చెప్పమంటాను. ఇవన్నీ చేస్తే నా మనసు కుదుటపడుతుందని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఆ ముప్పైమంది పేర్లూ రోజూ నా చేత్తో ఎక్కించినవే. ఒక్కోసారి కూర్చుని కాగితం మీద రాయడానికి ప్రయత్నిస్తాను. పదకొండు గుర్తొస్తాయి. అక్కడితో ఆగిపోతాయి.